కాలిన చెయ్యి

మా అమ్మాయికి అయిదేళ్ళప్పుడు, చోడవరం బస్టాండులో మశూచి టీకాలు వేసేవాళ్ళు మమ్మల్ని ఆపేరు. అది నా చీర కుచ్చిళ్ళలో దాక్కుంది.

"ఏటీ అవదమ్మా" అన్నాను. ముందున్న గుంటడి ఏడుపు విన్నాక అదెందుకు నమ్ముతుంది?

పక్కన కూర్చున్న ముసలమ్మ దాని ముందు అరచెయ్యి చాపింది.

"బెల్లం పాకం పడి నా సెయ్యి కాలిపోనాదే తల్లీ. మండిపోతంది, కాసింత ఊదవా?"

అది కుచ్చిళ్ళు వదిలి, బుగ్గలు పూరించి ఊదడం మొదలెట్టింది. ఈలోగా ఎడమచేతి మీద టీకా పడింది. ఒకసారి ఉలిక్కిపడి, మళ్ళీ ఊదింది.

ముసలమ్మ మాడుగుల బస్సెక్కింది. బస్సు కదులుతుంటే మా అమ్మాయి, "మామ్మా, తగ్గిందా?" అని అరిచింది.

"తగ్గిపోనాదమ్మా!"

కిటికీలోంచి ఊపిన ఆ అరచేతిలో నాకు కాలిన మచ్చేదీ కనబడలేదు. ఆ సంగతి మా అమ్మాయికి ఈనాటికీ చెప్పలేదు.