అత్తమ్మ కట్టిన మట్టి మూట

అరవైల తొలినాళ్లలో దొరవారిసత్రం దగ్గరి పల్లెకు కొత్త కోడలిగా వచ్చాను. పులికాట్ సరస్సు ఉప్పునీరు ఎక్కి మా పొలం చవుడుబారింది. వేసిన పైరంతా మాడిపోతుంటే ఇంట్లోవాళ్లు పొలం అమ్మేద్దామనుకున్నారు. చివరి ప్రయత్నంగా అత్తమ్మా నేనూ నెల్లూరులో భూసార పరీక్షకు ఆమె మూటకట్టిన మట్టి ఇచ్చి వచ్చాం.

అక్కడ దాన్ని నీడన ఆరబెట్టి, దంచి, జల్లించి, నీళ్లలో కలిపి పరీక్షించారు. ఫలితం కోసం వెళితే అధికారి నుదురు చిట్లించారు.

"ఇందులో ఉప్పే లేదమ్మా. ఇంత మంచి మట్టిలో పైరెందుకు మాడతా ఉంది?"

అత్తమ్మ తల దించుకుంది. "అది పెరట్లో మల్లెపాదు మట్టి సార్. చవుడు మట్టి పదిమందిలో పెట్టేదానికి సిగ్గయింది."

గదిలో అందరూ మావైపే చూశారు. నాకు తల కొట్టేసినట్లయింది.

ఆయన మాత్రం నవ్వలేదు. "రోగం దాచిపెట్టి నాడి చూడమంటే ఎట్లమ్మా?"

మళ్లీ వెళ్లి పొలం మట్టే ఇచ్చాం. "ఇది బాగయ్యే నేలే. జిప్సం చల్లి, మంచినీళ్లు నిలగట్టి, ఉప్పు కరిగినాక ఆ నీళ్లు బయటికి తీసేయండి" అన్నారు. అమ్మకం ఆగింది.

కష్టం చెప్పుకోవడానికి సిగ్గుపడేవాళ్లను చూస్తే నాకిప్పటికీ ఆ పొలంలో వరి ఈనిన ఉదయం గుర్తొస్తుంది. ఎవరూ అడగకుండానే అత్తమ్మ కొత్త గుడ్డలో మట్టి మూటకట్టింది.

"పామ్మా, సారుకి చూపిచ్చొద్దాం. ఇది మన పొలందే."