యార్క్ నగరానికి తరలవలసిన కారం మర

వాసన రాకుండా మిరపకాయలు మర పట్టడం మీలో ఎవరికైనా వచ్చునా? వస్తే ఆ విద్యను మా చిన్నాన్న కాంతయ్యకు ఆరు నెలల ముందే నేర్పి ఉండవలసింది. పినాంగ్ దీవి జార్జ్ టౌన్‌లోని తన కారం మరను ఇంగ్లండులోని యార్క్ నగరానికి తరలించే ఏర్పాట్లలో ఆయన అంతకాలమూ మునిగి ఉన్నాడు.

మరను పెట్టినది ఆయన తండ్రి తాతబాబు. సగం జీవితం రబ్బరు తోటలో పాల కోసం చెట్లు గీసి, తర్వాత పట్నం చేరి, ఒక పాత ఇంటి కింది గదిలో దానిని బిగించాడు. నేటికీ ఆ వీధి ఆడవాళ్ళు ఇంట్లో వేయించిన ధనియాలు, మిరపకాయలు డబ్బాల్లో తెచ్చుకొని, వంతు వచ్చేదాకా నడవాలో నిలబడి కబుర్లాడుకుంటారు. మరలోంచి రాలిన మొదటి చిటికెడు పొడిని కాంతయ్య నాలుక మీద వేసుకొని తీర్పు చెబుతాడు: "ధనియాలు సరిగా ఏగలేదమ్మా, మల్లీ ఏయించి తే." ఆ తీర్పుకు అప్పీలు లేదు.

చిక్కు గోడతో వచ్చింది. మర తిరిగినప్పుడల్లా పక్కింటి నూరేళ్ళ గోడ నుంచి సున్నం రాలుతోందని, పాత కట్టడాలను చూసుకొనే ఆఫీసు మూడేళ్ళ క్రితం ఉత్తరం పంపింది. అడిగినవి రెండే. మర కింద మందపాటి రబ్బరు పలక వేయాలి. మధ్యాహ్నం రెండు గంటలు మర ఆపాలి. ఒప్పుకుంటూ రెండు పేజీల ఫారం మీద సంతకం చేస్తే సరిపోయేది. చిన్నాన్న దానిని వంశానికే జరిగిన అవమానంగా స్వీకరించాడు.

"మా నాన్న పెట్టిన మర కింద రబ్బరెయ్యమంటాడా? సెప్పడానికి ఆడెవుడు? సరిత్రంటే ఏటో తెల్సినోడు ఈ ఊర్ల ఒక్కడూ లేడు లా!" అని, ఈ ఊరి మాటల తోక 'లా' తగిలించి మరీ, ఫారాన్ని గల్లా సొరుగులో పడేశాడు.

చరిత్ర తెలిసిన ఊరి కోసం వెతుకుతున్న మనిషికి ప్రణీత్ దొరికాడు. రాజధాని దగ్గరి సైబర్‌జయలో ఆఫీసు పెట్టి, ఇక్కడివారిచేత విదేశాల్లో వ్యాపారాలు పెట్టించడం ఆ యువకుడి వృత్తి. ఒక హోటల్లో ఉచితంగా టిఫిను పెట్టి, తెర మీద యార్క్ వీధులు చూపించాడు: వంగిపోయిన చెక్క ఇళ్ళు, ఊరి చుట్టూ రాతి గోడ. చిన్నాన్న ఆ మధ్యాహ్నమే మనసులో యార్క్ పౌరుడై ఇల్లు చేరాడు. మర్నాడు ఉన్ని కోటు కొన్నాడు. అలవాటు కావాలని దానిని పినాంగ్ ఎండలో, మర పక్కన, చెమటలు కారుతూ తొడుక్కొనేవాడు.

"అక్కడోల్లు పాతదాన్ని గవురవిస్తారే," అని భార్య విజయలెచ్చుమికి రోజూ చెప్పేవాడు.

"ఇంట్ల పాతదాన్ని నానున్నాను కదా, ముందు నన్ను గవురవించు," అనేది పిన్ని.

ఇక్కడి గది అద్దె ఒప్పందం శుక్రవారంతో ముగుస్తుంది. పొడిగించకపోతే అక్కడ కాఫీ హోటలు పెట్టడానికి మరొకరు సిద్ధంగా ఉన్నారు. యార్క్ దుకాణపు ఒప్పందం మీదా శుక్రవారమే సంతకం కావాలని ప్రణీత్ తొందర. అందుచేత బుధవారం ఉదయం డెబ్బై రెండు పేజీలు నా ముందు పడ్డాయి. న్యాయశాస్త్రం చదివినందుకు కుటుంబం విధించే శిక్ష ఇదే.

మర పక్కనే కూర్చొని చదివి వినిపించాను. గోడకు మేకు కొట్టరాదు. తాతబాబు ఫొటో తగిలించాలన్నా యజమాని లిఖితపూర్వక అనుమతి కావాలి. తలుపు రంగు మార్చరాదు.

"అదీ పద్దతంటే! గోడంటే ఆల్లకంత పేనం," అని చిన్నాన్న మురిసిపోయాడు.

ఇక్కడి ఆఫీసు రబ్బరు పలక అడిగితే దౌర్జన్యం. అక్కడి యజమాని మేకు కూడా వద్దంటే నాగరికత. ఈ దేశానికి స్వాతంత్ర్యం వచ్చి దాదాపు డెబ్బై ఏళ్ళయినా, తెల్లవాడి చేత 'వద్దు' అనిపించుకోవడంలోని తీపి ఆ నాలుకను వదలలేదు. వీసా ఎవరిస్తారని ప్రణీత్‌కు ఫోను చేసి అడిగాను.

"అది రెండో దశ, సిస్టర్," అన్నాడు.

నలభై ఒకటో పేజీ దగ్గర నా గొంతు కాస్త హెచ్చింది. "ఆవరణ నుంచి వాసన గానీ, ధూళి గానీ, అదురు గానీ వెలువడరాదు."

చిన్నాన్న కోటు గుండీ ఒకటి విప్పాడు. "వాసన రాకుండా కారమెలగాడతాదే?"

ప్రణీత్ ఇంకా ఫోను స్పీకరులోనే ఉన్నాడు. "ఆడించక్కర్లేదు అంకుల్! పొడి ప్యాకెట్లు ఫ్యాక్టరీ నుంచి తెప్పిద్దాం. మీ మరకి ఆకుపచ్చ రంగేసి అద్దాల కిటికీలో పెడదాం. టూరిస్టులు ఫొటోలు తీసుకుంటారు!"

"తిరగదా?"

"తిరగదు. బెల్టు కూడా తీసేద్దాం, సేఫ్టీ కదా."

పిన్ని చీపురు పక్కన పెట్టింది. "తిరగని మరెందుకు బాబూ? ఈయన్నే కిటికీల నిలబెట్టు. కోటు కూడా ఉంది."

నడవాలో వంతు కోసం నిలబడిన ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. చిన్నాన్న నవ్వలేదు. మర మీద చెయ్యి వేశాడు. "మా నాన్నని సవాన్ని సేసి కిటికీల పెడతాడా ఈడు?" అని ఫోను కట్టేశాడు.

"మీ నాన్న రబ్బరు గీసే నిన్ను పెంచినాడు," అంది పిన్ని, ఈసారి మెల్లగా. "ఆయన మర కింద రబ్బరేస్తే నామోషీ ఏటి?"

తప్పు ఒప్పుకున్నాడని మీరు ఆశపడకండి. మర కింద రబ్బరు వేయడం ఇంగ్లండులో నేర్చుకున్న పద్ధతి అని, ఎన్నడూ చూడని ఆ దేశం పేరు చెప్పి, ఇప్పుడు వీధంతా ప్రచారం చేస్తున్నాడు. మధ్యాహ్నపు విరామం కూడా అక్కడి మర్యాదేనట. ఎవరి పేరు చెప్పుకున్నా, శుక్రవారం ఉదయం ఆయన యార్క్ కాగితాల జోలికి పోలేదు. పాత గది ఒప్పందం పొడిగించాడు. తర్వాత గల్లా సొరుగు లాగి, మూడేళ్ళ కారం పట్టిన ఫారాన్ని దులిపి, తుమ్ముతూనే రెండో పేజీ అడుగున సంతకం పెట్టాడు.