గాలి మింగిన పాట

ఎవరికైనా దయ్యం పట్టిందంటే ముందు నుదురు మీద చెయ్యి వేసి జ్వరం ఉందేమో చూడమనే రకం మనిషిని నేను. మా అవ్వ దిష్టి తీస్తానంటే నవ్వేదాన్ని. తెల్లచీర మనిషి కనపడిందని వాడకట్టులో ఎవరో వణికిపోతుంటే, దండెం మీద ఆరేసిన చీర ఎవరిదో కనుక్కు రమ్మని పంపాను. ఇప్పటికీ దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. కానీ మా ఓదెలు బావ విషయంలో జరిగింది నా రెండు చెవులతో విన్నాను. నాతో పాటు మా క్వార్టర్ల లైనులో చాలామంది విన్నారు. అది ఏమిటని అడిగితే చెప్పలేను. ఎట్లా జరిగిందో మాత్రం చెబుతాను.

మేము అప్పుడు బెల్లంపల్లిలో ఉండేవాళ్లం. తెలంగాణ ఆంధ్రతో కలిసి కొన్నేళ్లయింది. నన్నూ మా అక్క రాజవ్వనూ ఇద్దరినీ బొగ్గుబాయిలో పనిచేసేవాళ్లకే ఇచ్చారు. మా ఆయన బాయి దగ్గర దీపాల గదిలో పని. అక్క భర్త ఓదెలు బావ బాయి లోపల సర్దారు. కార్మికుల కంటే ముందు నడిచి, పైకప్పును కర్రతో తట్టి, చప్పుడును బట్టి గట్టిగా ఉందో లేదో చెప్పడం ఆయన పని. రెండు కాపురాలూ పక్కపక్క క్వార్టర్లలోనే. మధ్యలో ఒక్కటే గోడ.

మా లైనులో మొదటి రేడియో తెచ్చింది బావే. పాటల మీద ప్రేమతో కాదు, మొదటి రేడియో తన ఇంట్లోనే ఉండాలన్న గొప్పకు. తెచ్చి, దాని మీద అల్లిక గుడ్డ కప్పించి, వచ్చినవాళ్లకు చూపించి, అంతటితో ఆయన మోజు తీరిపోయింది. అక్కకు మోజు అక్కడి నుంచి మొదలైంది.

పాటలు వినేవాళ్లను చాలామందిని చూశాను, కానీ అక్కలాగా పాటలను వెతుక్కునే మనిషిని మళ్లీ చూడలేదు. ముల్లును వెంట్రుకవాసి జరిపేది. ముందున్న పచ్చదీపం సన్నబడిందంటే స్టేషను దొరికినట్టు. హైదరాబాదులో ఎప్పుడు ఏ కార్యక్రమమో, సముద్రం అవతల సిలోన్ నుంచి మధ్యాహ్నం తెలుగు పాటలు ఏ వేళకో, అన్నీ నోటికే. ఎసరు పెట్టడం కూడా వాటిని చూసుకునే. కొత్త పాట వచ్చిందంటే గోడ మీద గరిటెతో టకటకా కొట్టేది. నేను పిండిచేతులతోనే పరుగెత్తేదాన్ని. ఒక్కసారి వింటే చాలు, పాట తనకు వచ్చేసేది. సాయంత్రం నీళ్ల నల్లా దగ్గర మాకందరికీ పాడి వినిపించేది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, తర్వాత అవసరం పడుతుంది. సిలోన్ స్టేషను మాకు నిలకడగా అందేది కాదు. పాట నడుమ గొంతు సన్నబడి, పూర్తిగా పోయి, మళ్లీ వచ్చేది. "గాలి మింగింది" అనేది అక్క. అక్కడ ఏ మాటలున్నాయో మాకెట్లా తెలుస్తుంది? అందుకని ఆ చోటుకు రాగానే అక్క పెదవులు మూసి "ఊఁ ఊఁ" అని గునుగుతూ, రెండు వేళ్లతో తాళం కొట్టి, మాటలు మళ్లీ మొదలయ్యే చోట సరిగ్గా అందుకునేది. మా లైను ఆడవాళ్లమంతా అట్లాగే నేర్చుకున్నాం.

ఒకసారి వెనక లైనులో పెళ్లికి మైకుసెట్టు పెట్టి మాకు వచ్చిన పాటే రికార్డు వేశారు. మేమందరం దాంతో కలిసి పాడుతూ ఒకచోట ఒక్కసారే నోళ్లు మూసి "ఊఁ ఊఁ" అన్నాం. రికార్డులో అక్కడ శుభ్రంగా మాటలున్నాయి. మైకతను మావైపు వింతగా చూశాడు. అక్క ఏమాత్రం తొణకలేదు. "ఊకనే మాటలు నింపిండ్రు గాని, మన పాటనే మంచిగుంది" అంది. ఆ రోజంతా నవ్వుకున్నాం.

బావకు మాత్రం ఈ నవ్వులు గిట్టలేదు. ఒకనాడు మొదటి షిఫ్టు దిగి హోటల్లో చాయ తాగుతుంటే తోటివాళ్లు ఆయన్ని ఆట పట్టించారట. "ఓదెలన్నా, మీ ఇంటి స్టేషన్ ఆదివారం గూడ ఉంటదా, సెలవా?" అని. మొగవాళ్ల మధ్య అది మామూలు పరాచికమే. ఆయన చాయ సగంలో వదిలేసి ఇంటికొచ్చాడు.

అక్క అప్పుడు రేడియో ముందరే కూర్చుని ఉంది. పాట నడుస్తుండగానే తీగ గుంజేసి, రేడియోను పెరట్లో బట్టలుతికే బండ మీద పెట్టి రోకలితో కొట్టాడు. లోపలి గాజు బల్బులు ఒక్కొక్కటీ పేలిన చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. నేను ఉరికి వెళ్లేసరికి అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"ఇది ఇల్లనుకున్నవా, టాకీసనుకున్నవా? ఇయ్యాల్టి సంది నీ నోట్లెకెల్లి పాట వచ్చిందంటే నేను మనిషినే కాదు" అన్నాడు.

తర్వాత మా ఆయన ఒక చిన్న రేడియో తెచ్చాడు. అక్క కోసమే తెచ్చాడు, నాకు తెలుసు. బావ బాయికి పోయిన వేళల్లో అక్క మా ఇంటికొచ్చి వినేది. పాడేది మాత్రం కాదు. పెదవులు కదిలేవి, గొంతు వచ్చేది కాదు. ఎవరూ లేరు పాడు అక్కా అంటే, "ఒద్దే, అలవాటైతే ఆయన ముంగట్నే వస్తది" అనేది. పాడని అక్క నాకు అక్కలాగా అనిపించేది కాదు. మనిషి కూడా చిక్కిపోయింది.

మరుసటి వానాకాలం అక్కకు పచ్చకామెర్లు వచ్చాయి. పసరు పోశారు, ఆసుపత్రిలో చూపించారు, తిరగబెట్టింది. బావ సెలవు పెట్టి మంచం పక్కనే కూర్చున్నాడు. ఎంత సేవ చేస్తున్నాడోనని లైనంతా మెచ్చుకుంది. అది సేవ కాదు, కాపలా. అక్క అడిగింది ఒక్కటే, ఒక కొత్త పాట వినాలని. ఆ మాట నా ముందరే అడిగింది, ఆయన వినీ విననట్టు మందు కలుపుతూ కూర్చున్నాడు.

నేను ఇంటికొచ్చి రేడియోను గోడకు ఆనించి గొంతు పెంచాను. పల్లవి సగం వచ్చిందో లేదో బావ బయటికొచ్చి, మా కప్పు మీది ఏరియల్ తీగను గుంజి తెంపేశాడు. అక్క విన్న ఆఖరి పాట ఆ సగం పల్లవే.

మర్నాడు ఆయన నీళ్లకు పోయినప్పుడు నేను అక్క కాళ్లు పట్టుకుని ఏడ్చాను. అక్క మాత్రం నవ్వింది. పసుపుపచ్చగా ఉన్నాయి కళ్లు. "నా నోరు మూసిండు గదనే. పాట ఊకుంటదా? ఇంకో నోరు ఎతుక్కుంటది. నువ్వు ఫికర్ చెయ్యకు" అంది. నన్ను ఊరుకోబెట్టడానికి అన్నదనుకున్నాను. రెండు రోజులకు పోయింది.

దినాలయ్యాయి. చుట్టాలు వెళ్లిపోయారు. తెగిన తీగను మా ఆయన అతికించాడు. ఒకనాడు పొద్దున నల్లా దగ్గర బిందెలు పెట్టుకుని వరసలో ఉన్నాం. బావ బకెట్టు కింద పెట్టి వేపపుల్ల నములుతున్నాడు. నములుతూనే గునగడం మొదలుపెట్టాడు.

ఓదెలు బావ గునగడం అంతకుముందు ఎవరం వినలేదు. భజనలో కూడా చప్పట్లు తప్ప కొట్టని మనిషి. గొంతు మోటుదే, కానీ వరస ఎక్కడా జారలేదు. ఎక్కే చోట ఎక్కింది, దిగే చోట ఆడవాళ్లు సాగదీసినట్టు సాగింది. ఆ పాట నాకు తెలియదు, అక్కడ ఎవరికీ తెలియదు. చరణం నడుమకు వచ్చేసరికి పెదవులు మూసుకుని "ఊఁ ఊఁ" అన్నాడు. రెండు వేళ్లు బకెట్టు అంచు మీద తాళం కొట్టాయి. తర్వాత మళ్లీ అందుకున్నాడు.

నల్లా కింద నా బిందె నిండి పొర్లిపోతున్నా ఎవరూ తీయలేదు. మా చూపులు చూసి ఆయన ఆపేశాడు. తన నోటి నుంచి ఏదో వచ్చిందని అప్పుడే తెలిసినవాడిలా నోరు తుడుచుకున్నాడు.

ఆ మధ్యాహ్నం సిలోన్ పెట్టాను. ఇది కొత్త పాట, ఈరోజే మొదటిసారి వినిపిస్తున్నాం అన్నారు. పొద్దున విన్న వరసే. చరణం నడుమకు వచ్చింది. సరిగ్గా ఆ చోటనే గొంతు సన్నబడి పోయింది. బావ ఎంతసేపు గునిగాడో అంతసేపూ ఒట్టి గాలి చప్పుడు. బావ అందుకున్న చోటనే పాట మళ్లీ వచ్చింది.

మా ఆయనతో చెబితే తేలిగ్గా తీసిపారేశాడు. "ఏదన్న హోటల్ల విన్నడేమో" అన్నాడు.

"మరి గాలి ఏడ మింగుతదో గూడ హోటల్ల చెప్పిండ్రా?" అన్నాను.

తర్వాతి సెలవు రోజున గోడ అవతల బావ మళ్లీ మొదలుపెడితే ఇద్దరం కూర్చుని విన్నాం. మధ్యాహ్నం రేడియోలో అదే పాట, అదే ఖాళీ. మా ఆయన లేచి రేడియో కట్టేసి, బీడీ ముట్టించుకుని బయటికి పోయాడు. మళ్లీ ఎన్నడూ నాతో ఈ విషయం మీద వాదించలేదు.

అప్పటి నుంచి ఏ కొత్త పాటైనా ముందు బావ నోటి నుంచి వచ్చాకే రేడియోలో వచ్చేది. ఎప్పుడు వస్తుందో ఆయన చేతిలో లేదు. బాయి లోపల పైకప్పు తట్టి చప్పుడు వినాల్సిన వేళ పాట పుట్టేది. పాడేవాడికి కప్పు చప్పుడు ఎట్లా వినపడుతుంది? ఆయన వెనక నడవబోమని గ్యాంగువాళ్లు మొండికేశారు. సర్దారీ పోయి, బాయి పైన బొగ్గు బండ్లు నెట్టే పని వచ్చింది. హోటల్లో నవ్వుతారని చాయకు పోవడం మానేశాడు. నోట్లో ఎప్పుడూ తంబాకు కుక్కుకునేవాడు. తంబాకు వెనక నుంచి కూడా వచ్చేది.

ఏడాది తిరిగాక రెండో పెళ్లి మాట మొదలుపెట్టాడు. ఇచ్చోడ అవతలి పల్లె నుంచి పెద్దమనుషులు వచ్చారు. ఇంట్లో ఆడదిక్కు లేదని చాయ పెట్టడానికి నన్నే పిలిచాడు. నేను సంతోషంగా పోయాను. మాటలు కుదిరాయి, తమలపాకులు చేతికి అందుకోబోతున్నారు. అప్పుడొచ్చింది పాట. సిగ్గుపడే పిల్ల పాడే పాట, మొదటి నుంచి చివరిదాకా, రెండు వేళ్లతో పళ్లెం మీద తాళం వేసుకుంటూ. ఆయన కళ్ల నుంచి మాత్రం నీళ్లు కారుతున్నాయి. వచ్చినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. వంటింట్లో నేను కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. అంత కడుపునిండా నేను అక్క పోయాక నవ్వలేదు.

ఈ పాట పీడ పోవాలని వేములవాడ పోయి, మొక్కుగా రాజన్నకు కోడెను కట్టి వచ్చాడు. కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిరుగుతూ కూడా గునుగుతూనే ఉన్నాడని వెంట వెళ్లినవాళ్లు చెప్పారు.

చివరికి మా గడప దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. "కనకా, జర ఆ రేడియో బంద్ చెయ్యి. మస్తు పరేషాన్ అయితుంది" అన్నాడు.

"నా రేడియోల కంటే ముందుగాల నీ నోట్లెనే వస్తుంది గద బావా. నేనేం బంద్ చేద్దు?" అన్నాను. ఆయన చూస్తుండగానే గొంతు ఇంకా పెంచాను. పాపం అనుకోవాలని మా ఆయన అంటుండేవాడు. నేను అనుకోలేదు. ఈరోజు కూడా అనుకోవడం లేదు. బండ మీద రేడియో పగిలిన చప్పుడు విన్నదాన్ని నేను.

అట్లా కొన్నేళ్లు బతికాడు. బొగ్గు దుమ్ము రొమ్ముకు పట్టి మంచాన పడ్డాడు. ఒక మధ్యాహ్నం నన్ను పిలిపించాడు. లైనువాళ్లు ఇంకొందరు, చూడడానికి వచ్చిన డాక్టరు అక్కడే ఉన్నారు. గొంతు లేవడం లేదు. దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"కనకా, మీ అక్కకు..." అన్నాడు. ఆ తర్వాత మాట రాలేదు, పాట వచ్చింది. పళ్లు బిగబట్టి ఆపుకున్నాడు. ఊపిరి కూడదీసుకుని మళ్లీ "మీ అక్కకు" అన్నాడు. మళ్లీ పాటే. ఏం చెప్పాలనుకున్నాడో నాకు తెలియదు. తప్పయిందని అనాలనుకున్నాడేమో. పాట అననీయలేదు.

అప్పుడిక ఆపుకోవడం మానేశాడు. పాట పూర్తిగా పాడాడు. మాట్లాడలేని మనిషికి అంత ఊపిరి ఎక్కడిదని డాక్టరు కూడా అన్నాడు. నేను అలవాటు కొద్దీ గాలి మింగే చోటు కోసం చూస్తూ ఉన్నాను. పల్లవి అయింది, చరణాలన్నీ అయ్యాయి. "ఊఁ ఊఁ" లేదు. వేళ్లు దుప్పటి మీద కదలకుండా ఉన్నాయి. ప్రతి మాటా స్పష్టంగా వచ్చింది. పాట అయిపోయింది, ఆయన కూడా అయిపోయాడు.

ఆ మధ్యాహ్నం నేను రేడియో పెట్టాను. చావింటి పక్కన రేడియో ఏమిటని తిట్టారు, తిట్టనీ అనుకున్నాను. ఆ పాట రాలేదు. మర్నాడు రాలేదు. తర్వాత ఎన్ని రేడియోలు మార్చానో, ఎన్ని స్టేషన్లు తిప్పానో. నేను అక్కను కాదు, ఒక్కసారి విని పాట మొత్తం పట్టుకోలేను. పల్లవి వరస మాత్రం పోలేదు. పాటలు బాగా తెలిసినవాళ్లకు పాడి వినిపించాను. ఎవరూ విన్నామనలేదు.

దీన్ని ఎట్లా అర్థం చేసుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు. దయ్యాలు లేవనే ఇప్పటికీ అంటాను. అయినా రేడియోలో కొత్త పాట అనగానే చేతిలో పని వదిలేసి నిలబడతాను. ఒక్క సంగతి మాత్రం నాకు నిమ్మళంగా ఉంటుంది. ఆ పాటలో ఎక్కడా ఖాళీ లేదు. ఎక్కడ కూర్చుని వింటున్నదో గాని, అక్కకు ఇప్పుడు స్టేషను బాగా అందుతున్నది.