చివరి పంక్తిలో మెహరున్నీసా మేడం

ఎండకు కాగిన సిమెంటు మీద నీళ్ళు పడితే ఒక వాసన వస్తుంది. వాన వాసన కాదు అది. కొంచెం మట్టి, కొంచెం సున్నం, కొంచెం పాత గోడ కలిసినట్టు ఉంటుంది. పోయిన నెల నేను పనిచేసే కాలేజీలో మహిళల బాస్కెట్‌బాల్ టోర్నమెంటు పెట్టాం. ముందు రోజు సాయంత్రం మా పిల్లలు గొట్టం పట్టుకుని కోర్టు కడుగుతుంటే ఆ వాసన గుప్పున లేచింది. నేను చేతిలో విజిల్‌తో అలాగే నిలబడిపోయాను. "మేడం, మూలల్లో కూడా కడగాలా?" అని ఎవరో అడుగుతున్నారు. కడగాలి. ముందు మూలలే కడగాలి. ఆ మాట నాది కాదు, మెహరున్నీసా మేడంది.

నరసరావుపేటలో నేను డిగ్రీ చదువుకున్న మహిళా కాలేజీలో ఆమె ఫిజికల్ డైరెక్టర్. వాళ్ళ నాన్నకు ఊరి చివర లారీల రిపేరు షెడ్డు ఉండేది. ఆ ఇంటి పిల్ల కాబట్టి బోర్డుకు రింగు వదులైతే ఎవరినీ పిలిచేవారు కాదు, చీర కుచ్చిళ్ళు దోపుకుని తనే స్టూలెక్కి పానా పట్టేవారు. చీర కింద తెల్ల కాన్వాసు బూట్లు. మనిషి మా అందరిలోకీ పొట్టి. బాస్కెట్‌బాల్ పొడుగువాళ్ళ ఆట కదా మేడం అని ఎవరైనా సరదాకి అంటే, "నేను ఆడేదుందా ఏంది, ఆడించేదే గదా" అని కొట్టిపారేసేవారు. మాది మాచవరం. మా నాన్న రాతి క్వారీలో పని చేసేవాడు. ఇంట్లో నాకు తప్ప ఎవరికీ ఈ పొడుగు రాలేదు. పదో తరగతి నుంచీ నన్ను కరెంటు స్తంభం అనని వాళ్ళు లేరు, అందుకని వంగి నడవడం అలవాటు చేసుకున్నాను. కాలేజీలో చేరడానికి వరుసలో నిలబడ్డ రోజున వెనక నుంచి ఎవరో నా వీపు మీద అరచేత్తో చరిచారు. తిరిగి చూస్తే భుజం దాకా కూడా రాని ఒక ఆవిడ.

"ఏమే, దేవుడిచ్చిన ఎత్తంతా దాచిపెట్టుకోను తిప్పలు పడతన్నావే! నిటారుగా నిలబడు. సాయంత్రం గ్రౌండుకు రా."

నేను వెళ్ళాను. అప్పటి నుంచి ఇప్పటిదాకా వంగి నడవలేదు.

మా కాలేజీలో టోర్నమెంటు అంటే మేడం దానిని పెళ్ళి కింద జమకట్టేవారు. మేము ఆడపెళ్ళివాళ్ళం, వచ్చేవాళ్ళు మగపెళ్ళివాళ్ళు. హాస్టల్లో మా గదులు వాళ్ళకిచ్చేసి మేము క్లాసు గదుల్లో బెంచీలు జరిపి చాపలు వేసుకునేవాళ్ళం. బాగా తిరిగే ఫ్యాన్లన్నీ వాళ్ళవైపే. భోజనాల దగ్గర వచ్చిన జట్లు ముందు కూర్చోవాలి, మేము వడ్డించాలి, అందరూ లేచాక చివరి పంక్తిలో మేము తినాలి. అప్పటికి కూర అడుగంటితే పచ్చడి మెతుకులే. ఇదంతా ఒక ఎత్తు, మ్యాచ్‌ల వేళలు ఇంకో ఎత్తు. పొద్దుటి చల్లదనం, సాయంత్రపు గాలి వచ్చినవాళ్ళకు ఇచ్చి, నడినెత్తిన సూర్యుడున్నప్పుడు మమ్మల్ని ఆడించేవారు. పల్నాడు ఎండ సంగతి చెప్పేదేముంది, ఆ సిమెంటు మీద బూట్ల అడుగులు కూడా మెత్తబడేవి.

"మన కోర్టు, మన ఊరు, ఎండ మాత్రం మనకా మేడం?" అని నేను గొణిగేదాన్ని. నాకు నోరు ఎక్కువ, ఇప్పటికీ అంతే.

"వాళ్ళు బస్సుల్లో నలిగి వచ్చారే. మనం ఇంటివాళ్ళం" అనేవారు. దాంతో ఆ వాదన ముగిసిపోయేది.

నేను ఫైనలియర్‌కు వచ్చేసరికి జట్టుకు కెప్టెన్‌ని. ఆ సంవత్సరం యూనివర్సిటీ పరిధిలోని కాలేజీల టోర్నమెంటు మా కాలేజీకే వచ్చింది. నాకు మాత్రం అది పెళ్ళి కాదు, పరీక్ష. యూనివర్సిటీ జట్టులో చోటు దొరికితే స్పోర్ట్స్ కోటాలో బీపీఈడీ, అంటే వ్యాయామ టీచర్ల చదువుకు సీటు వస్తుంది. దొరక్కపోతే మాచవరంలో మా బాబాయి ఎరువుల కొట్లో కూర్చోవాలి. నాన్న ఆ మాట కోపంగా అనలేదు. "సీటొస్తే చదువుకో తల్లీ, నేను అడ్డం రాను. రాకపోతే మటుకు ఇంటికి రా" అన్నాడు. అంతకన్నా న్యాయంగా ఏ తండ్రీ చెప్పలేడు, కానీ ఆ కొట్టు తలుచుకుంటేనే నాకు ఊపిరాడేది కాదు. జట్టును ఎంపిక చేసేవాళ్ళు రెండో రోజు సెమీఫైనల్స్ చూడటానికి వస్తారు. మొత్తం ఎనిమిది జట్లు. మొదటి రోజు ఒక్క మ్యాచ్ గెలిస్తే సెమీఫైనల్, ఓడితే మూటాముల్లే.

ఇలాంటి పోటీల్లో సీడింగ్ అని ఒక పద్ధతి ఉంటుంది. కిందటేడు మొదటి రెండు స్థానాల్లో నిలిచిన జట్లను పట్టికలో ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి పెడతారు. అవి ఫైనల్ దాకా ఒకదానికొకటి ఎదురుపడవు. మిగతావాళ్ళ చోట్లు చీటీలు తీసి తేలుస్తారు. కిందటేడు డెల్టా వైపు కాలేజీ మొదటి స్థానం, మేము రెండో స్థానం. అంటే మాకు ఒక చివర ఖాయం. ఆ ధైర్యంతోనే నేను ముందు రోజు సాయంత్రం డ్రాకు వెళ్ళి గోడవారగా నిలబడ్డాను. జట్ల మేనేజర్లందరూ టీ గ్లాసులతో కూర్చున్నారు. మేడం బోర్డు మీద ఒక చివర డెల్టా కాలేజీ పేరు రాశారు. రెండో చివర మా పేరు రాస్తారనుకుంటే, కిందటేడు మూడో స్థానంలో ఉన్న మాచర్ల కాలేజీ పేరు రాశారు.

"మేడం, అది మీ చోటు గదా!" అని మాచర్ల మేనేజరే కంగారుపడ్డాడు.

"మేం ఇంటివాళ్ళం సారూ. ముందు పీట మేమే వేసుకుంటే ఏం బాగుంటది? మా చీటీ కూడా అందరి చీటీల్లో వెయ్యండి" అన్నారు మేడం, కూర ఇంకొంచెం వేసుకోండి అన్నంత సులువుగా.

చీటీలు తీశారు. మొదటి మ్యాచ్‌లో డెల్టా కాలేజీతో ఆడేది ఎవరంటే, మేమే. కిందటేటి ఫైనల్ ఈసారి మొదటి రోజే, అదీ మేము ఇంటివాళ్ళం కాబట్టి మిట్టమధ్యాహ్నం. మళ్ళీ చీటీలు వేద్దామని ఇద్దరు ముగ్గురు అన్నారు. మేడం తల అడ్డంగా ఊపారు. "మాకు కష్టమైన చీటీ వచ్చిందని మళ్ళీ వేస్తే, రేపు ఎవరన్నా నమ్ముతారా?" అన్నారు. అది నిజమే. నాకు మాత్రం ఎరువుల కొట్టు వాసన ముక్కుకు తగిలింది. ఆ రాత్రి మేడంతో మాట్లాడకుండా చాప మీద ముడుచుకు పడుకున్నాను.

మ్యాచ్ ఎలా ఆడామో చెప్పమంటే ఇప్పటికీ ముక్కలు ముక్కలుగానే గుర్తు. వాళ్ళ కెప్టెన్ సునీత నాకంటే పొడుగు, జీవితంలో మొదటిసారి తలెత్తి చూడాల్సి వచ్చింది. ఎండకు రెండు జట్లూ సొమ్మసిల్లేలా ఉన్నాయి. మాకు ఆ ఎండ అలవాటు, వాళ్ళకు కాదు. అంతే తేడా. చివర్లో రింగుకు తగిలి వెనక్కి వచ్చిన బంతిని నేను పట్టుకుని తిరిగి వేశాను, పడింది, విజిల్ మోగింది. ఒక్క బాస్కెట్ తేడాతో గెలిచాం. కాలేజీ కాలేజీ అంతా గోడలెక్కి కేకలు. నేను మేడం కోసం చూస్తే ఆమె నావైపు చూడటం లేదు. కోర్టు పక్కన మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చున్న డెల్టా పిల్లల వైపు చూస్తున్నారు.

ఆ తర్వాత భోజనాలు. పద్ధతి ప్రకారం వాళ్ళు ముందు పంక్తిలో కూర్చున్నారు, ఇప్పుడే వాళ్ళను ఓడించిన మేము సాంబారు బకెట్లు పట్టుకుని ఎదురుగా నిలబడ్డాం. అంత ఇబ్బందిగా నేను ఎవరికీ వడ్డించలేదు. సునీత విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు. సెలెక్టర్లు రేపు వస్తారంటగా, మేమేమో సాయంత్రం బస్సుకే వెళ్ళిపోతున్నాం. నాకిది ఆఖరి సంవత్సరం" అంది. నాకూ అదే ఆఖరి సంవత్సరం. గరిటె బకెట్లోకి దించి పక్క విస్తరికి జరిగాను.

వాళ్ళ మాస్టారు సుబ్బారావు గారు పెద్దాయన. చెయ్యి కడుక్కుని మేడం దగ్గరికి వచ్చారు. కోపం లేదు ఆయన గొంతులో, అదే ఇంకా బాధగా ఉంది.

"అమ్మా, భోజనం చాలా బాగా పెట్టారు. కానీ మీ మర్యాద మా పిల్లలకు చేటు చేసింది. మీ చోటులో మీరుంటే ఫైనల్లో కలిసేవాళ్ళం. మీరు పక్కకు తప్పుకున్నారు, వచ్చి మా మీద పడ్డారు. ఎండ మీరు తీసుకున్నామనుకున్నారు, ఎదురు ఆడిన మాకూ ఎండే కదమ్మా."

మేడం కొంగుతో చేతులు తుడుచుకున్నారు. తర్వాత అందరూ వినేలా, "తప్పు నాదే మాస్టారూ. నాకు తట్టలేదు" అన్నారు. సాకు చెప్పలేదు, చీటీలను అనలేదు. "ఇయ్యాల ఉండండి. రేపు పొద్దున్నే సెలెక్టర్ల ముందర మీ పిల్లలు ఒక మ్యాచ్ ఆడతారు, నేను వాళ్ళతో మాట్లాడతా. ఎదురు మా పిల్లలు ఆడతారు" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. మర్నాడు పొద్దెక్కగానే మాకు సెమీఫైనల్. అంతకు ముందే ఇంకో మ్యాచా? బకెట్ కింద పెట్టేశాను. "మేడం, మా గదులిచ్చారు, మా స్థానమిచ్చారు, ఇప్పుడు మా కాళ్ళు కూడా ఇస్తన్నారు. ఇచ్చేవాళ్ళు మీరు, పోయేది మాది!" అన్నాను. అంతమందిలో అన్నాను. మా జట్టులో ఒకమ్మాయి నా చున్నీ పట్టుకు లాగింది.

మేడం ముఖం మాడిపోతుందనుకున్నాను. ఆమె నా ఎదురుగా వచ్చి, మెడ పైకెత్తి నా ముఖంలోకి చూశారు. "నిజమేనే" అన్నారు. "అన్నం నాది, పెట్టుకోవచ్చు. స్థానం మీరు ఆడి తెచ్చుకున్నది. దాన్ని పంచిపెట్టను నేనెవరు? ఇప్పుడు మళ్ళా అదే పని చేయబోయా. ఈసారి అడుగుతన్నా. మీరు కాదంటే లేదు. ఇంకో దారి చూస్తా."

మమ్మల్ని ఎవరూ ఏదీ అడిగి ఎరగరు, ఇంట్లోనూ కాలేజీలోనూ. చెప్తారు, చేస్తాం. నేను మా వాళ్ళ ముఖాలు చూశాను. సునీత ఖాళీ విస్తరి చూస్తోంది. "ఆడతాం మేడం" అన్నాను. ఆ మాట అన్నాక కోపమంతా ఎటు పోయిందో తెలియదు. బకెట్ ఎత్తుకుని సునీత విస్తరిలో సాంబారు పోశాను, ఈసారి ఆమె చెయ్యి అడ్డం పెట్టలేదు.

మర్నాడు పొద్దున డెల్టా వాళ్ళు మమ్మల్ని ఉతికి ఆరేశారు. చల్లటి వేళలో వాళ్ళ ఆట అంత బాగుంటుందని అప్పుడు తెలిసింది. ఆ అలసటతోనే సెమీఫైనల్ ఆడి ఓడిపోయాం. మా అమ్మాయిలు ఏడ్చారు, నేనూ ఏడ్చాను. సాయంత్రం యూనివర్సిటీ జట్టు పేర్లు చదివారు. సునీత పేరు ఉంది. నా పేరూ ఉంది. రెండు మ్యాచ్‌లు చూడటం వల్లే నన్ను తీసుకున్నామని ఒక సెలెక్టర్ తర్వాత చెప్పాడు. అది విని మేడం గొప్పగా ఏమీ అనలేదు. "అదృష్టం బాగుండి సరిపోయింది. సరిపోకపోతే నీకు ఏం ముఖం చూపేదాన్నే?" అన్నారు. సీటొచ్చిందని చెబితే నాన్న క్వారీలో అందరికీ టీ తాగించాడట.

అదే ఆఖరు, మళ్ళీ ఆమె మా కాలేజీ టోర్నమెంట్లలో ఎవరినీ మధ్యాహ్నం ఆడించలేదు. ఆ వేళ కోర్టు ఖాళీగా ఎండుతుండేది, అందరూ భోజనాల దగ్గర ఉండేవారు. స్థానాలు ఎవరివి వాళ్ళకే. గదులు, ఫ్యాన్లు, ముందు పంక్తి మాత్రం ఎప్పటిలాగే వచ్చినవాళ్ళవి. నాకు ఫిజికల్ డైరెక్టర్ ఉద్యోగం వచ్చాక నేనూ అదే చేస్తున్నాను. మన చేతిలోది పెట్టడం వేరు, పిల్లల చేతిలోది తీసి పెట్టడం వేరు. ఈ తేడా నాకు పుస్తకంలో ఎవరూ చెప్పలేదు. సాంబారు బకెట్ల పక్కన, అంతమంది ముందు తప్పు ఒప్పుకున్న ఒక పొట్టి మనిషి దగ్గర నేర్చుకున్నాను.

పోయిన నెల టోర్నమెంటుకు మేడంను ముఖ్య అతిథిగా పిలిచాను. రిటైరై చాలా కాలమైంది, మోకాళ్ళు సహకరించడం లేదు, అయినా కాన్వాసు బూట్లతోనే ఆటో దిగారు. ముందు పంక్తిలో కుర్చీ వేయించి పిలిస్తే, "నేను అతిథినా? ఏందే నువ్వు మాట్లాడేది?" అని కసిరి, బల్ల పక్కన నిలబడి వచ్చిన జట్లకు అప్పడాలు పంచారు. అందరూ లేచాక చివరి పంక్తిలో మా పిల్లల మధ్య కూర్చున్నారు. ఆ పిల్లలకు ఆమె ఎవరో తెలియదు. ఎదురు గోడ మీద డ్రా పట్టిక అంటించి ఉంది. ఒక చివర మా కాలేజీ పేరు.

"మీది రెండో స్థానమా అమ్మాయ్? ఎవరిచ్చారు, మీ మేడమా?" అని పక్కనున్న మా కెప్టెన్‌ని అడిగారు.

ఆ పిల్ల అన్నం కలుపుతూ తల కూడా ఎత్తలేదు. "ఎవరో ఇచ్చేదేందమ్మా? పోయినేడు ఆడి తెచ్చుకున్నాం" అంది.

మేడం నావైపు చూశారు. నవ్వుతున్నారు, కళ్ళు తడిగా ఉన్నాయి. అప్పటికి కూర అయిపోయింది. నేను పచ్చడి గిన్నె తీసుకెళ్ళి ముందు ఆ పిల్లకు వేశాను, తర్వాత మేడంకు వేసి, ఆమె పక్కనే నిటారుగా కూర్చున్నాను.