రేకు డబ్బాలో హంతకులు

ఏ పుస్తకం చేతికొచ్చినా ముందు వెనక్కి తిప్పి చూస్తాను, చివరి కాగితాలు ఉన్నాయా లేవా అని. మా ఆవిడ నవ్వుతుంది. "ఇందాకే కొన్నారు కదండీ, అప్పుడే ఎవరు చింపుతారు?" అంటుంది. ఎవరు చింపుతారో నాకు తెలుసు. గుంటూరులో, మిర్చి మార్కెట్టు వెనక సందులో, ఒక అద్దె పుస్తకాల షాపాయన చింపేవాడు.

ఆయన్ని నేను బాబాయ్ అనేవాణ్ణి. ఆయన సాయిబుల ఇంటాయన, మేం కాపుదనం చేసుకునేవాళ్ళం. వరసెలా కలిసిందంటే చెప్పలేను. ఆ సందులో ఆయన అందరికీ బాబాయే. డిటెక్టివ్ నవలలు పట్టుకెళ్ళినవాళ్ళు తిరిగి తెచ్చేవాళ్ళు కాదట. ఆ బెడద పడలేక ఆయనో పద్ధతి పెట్టాడు. ప్రతి డిటెక్టివ్ నవలలోనూ ఆఖరి ఎనిమిది కాగితాలు బ్లేడుతో కోసి, దారంతో కుట్టి, పైన పుస్తకం నంబరు వేసి, ఒక బిస్కట్ల రేకు డబ్బాలో పెట్టేవాడు. హంతకుడెవరో తెలియాలంటే పుస్తకం వెనక్కి తేవాలి. తెచ్చి, స్టూలు మీద కూర్చుని, ఆ ఎనిమిది కాగితాలూ ఆయన ఎదురుగానే చదవాలి. చదవడం అవగానే చెయ్యి చాపి, "అయిందా? ఇటివ్వు," అనేవాడు. బ్యాంకు ఆఫీసర్లు, ప్లీడర్లు, కాలేజీ కుర్రాళ్ళు, అందరం మిరపకాయల ఘాటుకు తుమ్ముకుంటూ ఆ స్టూలు మీదే హంతకుల్ని తెలుసుకున్నవాళ్ళం.

నాకు ముందే ఒకచోట కాలు నిలవదు. పత్తి కొనే కంపెనీలో ఉద్యోగం, వారంలో నాలుగు రోజులు బస్సులోనే. ఒంగోల్లో ఎక్కి నవల తెరిస్తే చిలకలూరిపేట వచ్చేసరికి ఉన్నదంతా అయిపోయేది. ఇక గుంటూరు దాకా ఏం చెయ్యాలి? కిటికీలోంచి పత్తి చేలు చూడ్డం, కాళ్ళు ఊపడం, పక్కవాడి చేత తిట్టించుకోవడం. బస్సు దిగీ దిగగానే సంచీ భుజానేసుకుని ఇంటికి కాదు, షాపుకి పరిగెత్తేవాణ్ణి. "నీళ్ళు తాగరా ముందు, హంతకుడెక్కడికీ పోడు, డబ్బాలోనే ఉన్నాడు," అనేవాడు బాబాయ్.

ఆ పిచ్చే నన్ను విమర్శకుణ్ణి చేసింది. రెండువేలు దాటిన కొత్తలో విజయవాడ వారపత్రిక ఒకటి నాకు ఒక పేజీ ఇచ్చింది. పేరు 'నేరాల పటం'. వారానికో దేశం. అక్కడి నేర నవలలు ఎలా ఉంటాయి, సినిమాలు ఎలా తీస్తారు, దేన్నుంచి మొదలుపెట్టాలి, దేన్ని చదవకపోయినా కొంప మునగదు, అన్నీ చెప్పేవాణ్ణి. చలి దేశాల్లో పోలీసు మాట్లాడడు, ఊరికే కాఫీలు తాగుతాడు. ఎండ దేశాల్లో హంతకుడు మొదట్లోనే తెలిసిపోతాడు, ఎందుకు చంపాడో తెలియడానికే మిగతా పుస్తకం. సినిమాలకైతే సీడీలు అద్దెకు తెచ్చి, భాష అర్థంకాక రెండేసి సార్లు చూసేవాణ్ణి. ఇంతా చేసి నేను చూసిన పరదేశం మద్రాసు. అయినా ఏమాత్రం తడుముకోకుండా రాసేవాణ్ణి. ఉత్తరాలు వచ్చేవి. ఒక ప్రచురణకర్త గారు పుస్తకంగా వేస్తానన్నారు. నా కాళ్ళు నేల మీద ఆనడం మానేశాయి.

గురువారం పత్రిక వచ్చేది. షాపుకెళ్ళి నా పేజీ బాబాయ్‌కి చదివి వినిపించాలి. అవగానే ఎప్పటిలాగే "ఇటివ్వు" అని చెయ్యి చాపి, పత్రిక తీసుకుని దాచుకునేవాడు. "కళ్ళజోడు రిపేరుకిచ్చాన్రా, నువ్వే చదువు," అన్నాడు మొదటిసారి. ఆరు నెలలైనా ఆ రిపేరు అవలేదు. నాకు అర్థమైంది. షుగరు ఆయన కళ్ళని తినేస్తోంది. నేనేమీ అడగలేదు, ఆయనేమీ చెప్పలేదు.

ఆయన కొడుక్కి మాత్రం దాపరికాల్లేవు. నా ఈడువాడే, సెల్‌ఫోన్ల షాపు పెట్టాలని తొందర. "నాన్నకి కనపడదన్నా. ఈ చెత్తంతా తీసేసి రీచార్జి కౌంటరు పెడితే ఇల్లు గడుస్తుంది. కనపడుతుంది, కనపడుతుంది అంటాడు. ఏం కనపడుతుంది, నా బొంద!" అనేవాడు. ఒకరోజు బాబాయ్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఒరే అబ్బాయ్, మావాడితో నువ్వొక మాట చెప్పు. నా చూపుకేం ఢోకా లేదని. నువ్వు పత్రికల్లో రాసేవాడివి, నువ్వు చెబితే వింటాడు. ముప్పై ఏళ్ళలో ఒక్క ముగింపు తారుమారు చేశానా? నువ్వే చెప్పు."

"లేదు బాబాయ్. చెప్తాను," అన్నాను. చెప్పాను కూడా. వాడు నమ్మినట్టే తలూపాడు. షాపు నిలబడింది.

ఆ వేసవిలోనే ఒక మంచు దేశం మీద రాశాను. ఆ దేశపు రచయిత ఒకాయనవి బాబాయ్ దగ్గర రెండే నవలలున్నాయి, రెండింట్లోనూ ఒకడే ఇన్‌స్పెక్టరు. ఒకటి ఒంగోలు బస్సులో చదివాను. షాపుకొచ్చి స్టూలెక్కాను. బాబాయ్ డబ్బాలో వేళ్ళతో తడిమి కాగితాలు తీసిచ్చాడు. అదే ఇన్‌స్పెక్టరు, అదే మంచు. హంతకుడు ఒక పాదిరీ. నవల మొత్తంలో ఎక్కడా కనపడని పాదిరీ! నా ఒళ్ళు పులకరించింది. అబ్బ, ఎంత ధైర్యం ఈ రచయితకి అనుకున్నాను. ఒక్క గుక్కలో వ్యాసం రాసి పారేశాను. నేరం మనం చూస్తున్న మనుషుల్లో ఉండదు, చూడని చోట ఉంటుంది, ఈ సత్యం పట్టుకున్న ఏకైక దేశం ఇదేనని. పేజీ నిండా సిద్ధాంతం. గురువారం చదివి వినిపిస్తే బాబాయ్ తల పంకించి, "పెద్ద మాటే రాశావురా," అన్నాడు.

మూడు వారాలకి ఒంగోలు నుంచి ఒక రిటైరైన ఇంగ్లీషు లెక్చరరు గారు సంపాదకుడికి ఉత్తరం రాశారు. "పాదిరీ ఆ నవలలో లేడండీ. అదే రచయిత మరో నవలలో ఉన్నాడు. విమర్శకులు గారు ఏ పుస్తకం మొదలుపెట్టి ఏ పుస్తకం ముగించారో కనుక్కోగలరు." నా తల కొట్టేసినట్టయింది. రెండు పుస్తకాల నంబర్లూ పక్కపక్కవి. బాబాయ్ వేళ్ళు ఒకదానికి బదులు ఇంకోటి తీశాయి. నేనైనా పేజీ నంబర్లు చూసుకుంటే అక్కడికక్కడే తెలిసిపోయేది. స్టూలెక్కేసరికే నాకు పూనకం, నంబర్లెవరు చూస్తారు?

సంపాదకుడు ఫోన్ చేశాడు. "ఏంటండీ ఇది, పరువు పోయింది! వచ్చే వారం సమాధానం రాయండి. లేదా పేజీ ఆపేద్దాం." పేజీ పోతే పుస్తకం పోతుంది. రెండు రోజులు కాలుగాలిన పిల్లిలా తిరిగాను. మంగళగిరిలో పనుందని దిగి, పని చూసుకోకుండా మళ్ళీ బస్సెక్కాను. పేజీ నంబర్లు చూసుకోని తప్పు నాదని రాయొచ్చు. అంతే కదా, ఒక్క వాక్యం. కలం పట్టుకుంటే ఆ వాక్యం రాలేదు. ఏం రాశానంటే, సరదాగా రాశాను. గుంటూరులో ఒక రేకు డబ్బా ఉందనీ, అందులో హంతకులు నిద్రపోతుంటారనీ, ఆ డబ్బా కాపలాదారు ముసలాయనకి చూపు బొత్తిగా ఆనక ఒక హంతకుణ్ణి ఇంకో ఇంట్లోకి తోలాడనీ, పాపం నేనేం చెయ్యగలననీ. సంపాదకుడు పగలబడి నవ్వాడు. "అదిరిందండీ!" అన్నాడు. పేజీ నిలబడింది.

గురువారం వచ్చింది. వెళ్ళకుండా ఉందామనుకున్నాను. వెళ్ళకపోతే ఇంకెవరితోనైనా చదివించుకుంటాడని భయమేసింది. వెళ్ళాను. బాబాయ్ అప్పటికే స్టూలు తుడిచి పెట్టాడు. చదవడం మొదలెట్టాను. డబ్బా సంగతి వచ్చేసరికి ఆగాను. దగ్గాను. "మిర్చి ఘాటు," అన్నాను. ఆ పేరా మొత్తం వదిలేసి, కింద సినిమాల సంగతి ఎత్తుకున్నాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. అయ్యాక, "ఊఁ," అన్నాడు. చెయ్యి మాత్రం చాపలేదు. నేనది గమనించనైనా గమనించలేదు. హమ్మయ్య, గండం గడిచిందనుకుని ఉరుకులు పరుగులతో బయటపడ్డాను.

తర్వాతి వారం వెళ్ళేసరికి షాపు ముందు ట్రాలీ ఆటో ఆగి ఉంది. పుస్తకాలు కట్టలు కట్టలుగా అందులోకి వెళ్తున్నాయి. కొడుకు చేతిలో నా పత్రిక.

"థాంక్సన్నా," అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అన్నాడు. "నేనెన్నిసార్లు చెప్పినా వినలేదు. మీరే రాశారని చెప్పాను. సరే తీసెయ్యరా అన్నాడు."

ఛీ, నాదీ ఒక బతుకేనా అనిపించింది. బాబాయ్ లోపల, ఖాళీ బీరువాల మధ్య కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో రేకు డబ్బా. నా అడుగుల చప్పుడు పట్టేశాడు.

"రారా. ఈ రోజు గురువారమేగా."

"బాబాయ్, మీవాడు చదివి వినిపించాడా?"

"రాశావని చెప్పాడు. చదవబోతే వద్దన్నాను." డబ్బా మూత మీద వేళ్ళు ఆడించాడు. "నాకు పోయిన వారమే తెలుసులేరా. ఒక చోట ఆగావు, దగ్గావు, ఇంకో చోట ఎత్తుకున్నావు. ముప్పై ఏళ్ళు కాగితాలు కోసినవాణ్ణి, కోసిన చోటు నాకు తెలియదూ?"

"తప్పు నాది బాబాయ్. పేజీ నంబర్లు నేను చూసుకోలేదు. ఆ మాట రాయలేదు."

"కూర్చో."

స్టూలు మీద కూర్చున్నాను.

"వదిలేసింది చదువు."

కొడుకు చేతిలోంచి పత్రిక తీసుకొచ్చాను. చదివాను. విజయవాడలో సంపాదకుణ్ణి నవ్వించిన ప్రతి మాటా, చూపు బొత్తిగా ఆనని ముసలాయన దగ్గర్నుంచి పాపం నేనేం చెయ్యగలను దాకా, ఒక్క అక్షరం వదలకుండా చదివాను. బయట కట్టలు పడుతున్న చప్పుడు. జీవితంలో ఎప్పుడూ ఊపకుండా ఉండని నా కాళ్ళు ఆ కాసేపు కదల్లేదు.

అయిపోయింది. ఆయన ఒళ్ళో ఉన్న డబ్బా మూత తీశాడు. తర్వాత ఎప్పటిలాగే చెయ్యి చాపాడు.

"అయిందా? ఇటివ్వు."