గుడ్డ కప్పిన బకెట్

నాది పాలు కొలిచే ఉద్యోగం. టేకులపల్లి చుట్టుపక్కల ఊళ్లలో నెలకోసారి రెండు పూటలా తిరిగి, చెవికి పసుపు ట్యాగ్ ఉన్న ఆవుల పాలు కాటా వేసి రాసుకుంటాను. బాగా పాలిచ్చే తల్లికి పుట్టిన కోడెదూడను సంతానోత్పత్తి కేంద్రానికి తీసుకెళ్తారు. తల్లి పాలు తక్కువైతే దూడ సంతకు పోవడమే.

అడవి అంచున ఒక పెద్దమ్మకు తన జెర్సీ ఆవు దూడంటే ప్రాణం. "సంతకు తోలబుద్ధయితలేదు సారూ, ఎట్లన్న జేసి కేంద్రానికి తీస్కపో" అని నేను బండి దిగకముందే మొదలుపెట్టేది. తీరా కొలిస్తే బకెట్ అడుగు తడిసేది, అంతే. రెండు నెలలు ఇదే వరస. మూడోసారీ ఇంతే అయితే దూడ పేరు కొట్టేస్తారు. అంత పొదుగున్న ఆవు ఇంతేనా ఇచ్చేదని నాకు ఒళ్లు మండింది.

మూడో నెల గంట ముందే వెళ్లాను. పెద్దమ్మ దగ్గరుండి దూడకు కడుపారా తాగిస్తోంది. దాని మూతి నిండా నురగ. ఆమెకు మాత్రం ఏ కోశానా సిగ్గు లేదు.

"పరాయోళ్ల ముందట నిండు బకెట్ పెడితే దిష్టి తాకదా? మా అత్త కాలం నుంచి గిట్లనే చేస్తం."

"పాలు లేవని రాస్తే దూడనెవరు తీస్కుంటరు పెద్దమ్మా?"

"దూడను జూసి తీస్కపోండ్రి, ఎట్ల నిగనిగలాడుతుందో. కోడె పాలిస్తదా ఏంది?"

కోపం పోయి నవ్వొచ్చింది. గడప మీద కూర్చుని చెప్పాను. ముందు తల్లి పాలు చూసి కోడెను ఎంచుతారు. తర్వాత వేరే ఊళ్లలో ఆ కోడెకు పుట్టిన ఆడదూడలు పెరిగి ఈనాక, వాటి పాలు కొలిచి కోడె సత్తా తేలుస్తారు. ఆమె దూడను పక్కకు లాగి కట్టేసి, రేపు రమ్మంది.

మర్నాడు నాకు వీపు పెట్టి పిండింది. దగ్గరుండి చూడాలన్నది రూలు అంటే, చప్పుడు వినమంది. విన్నాను, చాలాసేపు. పాత చీర ముక్క కప్పిన బకెట్‌ను కాటాకు తగిలిస్తే, ముల్లు నా పుస్తకంలోని అంకెలన్నిటినీ దాటేసింది. ఆ ఈతలో ఆవు పాలిచ్చినన్నాళ్లూ అలాగే కొలిచాను.

కేంద్రం వ్యాన్ వచ్చిన రోజు పెద్దమ్మ దూడకు ఉప్పుతో దిష్టి తీసి, మెడ నిమిరి, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"సారూ, వీని బిడ్డల పాలు కొలిచేటోళ్లకు గూడ జెప్పు. గుడ్డ కప్పి కొలవమను."

చెప్తానన్నాను. వాళ్లెవరో, ఏ ఊళ్లో కొలుస్తారో నాకు తెలియదు. నా బ్యాగులో మాత్రం అప్పటినుంచి ఓ గుడ్డ ఉంటోంది.