కాలువ అవతలి మోటరు

ఆ పొద్దున రొయ్యల గుంటలో దిగి మేత ట్రే పైకి లాగాను. వేసిన మేత వేసినట్టే ఉంది. కాళ్లకింది బురద కదిలి కుళ్లిన కోడిగుడ్ల కంపు లేచింది. గట్టెక్కి కాళ్లు కడుక్కుంటే, పోయిన నెల మెరుగు పెట్టించిన వెండి మెట్టెలు బొగ్గులా ఉన్నాయి. నా గుండెల్లో రాయి పడింది.

సముద్రపు నీటిలో గంధకం ఉంటుంది. తినగా మిగిలిన మేత అడుగున కుళ్లితే, గాలాడని బురదలో ఆ గంధకమే విషవాయువై వెండిని నల్లబరుస్తుంది, రొయ్యల్ని చంపుతుంది. కొంత గాలిలో కలిసి, వానతో మళ్లీ నేలకు దిగి, సముద్రానికే చేరుతుందట. మేతల దుకాణాయన చెబుతుంటే కథలా విన్నాను. మన గుంటలోకి వచ్చేదాకా అన్నీ కథలే.

అడుగు నీళ్లు వదిలి కొత్తవి పెట్టాలి. మా వైపు అందరికీ సముద్రం నుంచి వచ్చే ఉప్పు కాలువ ఒకటే. వదిలేదీ దాంట్లోకే, తోడేదీ దాంట్లోంచే. అందుకే వదిలే ముందు పక్క గుంటవాళ్లకు ఫోన్ చేసి మోటరు ఆపమంటాం. అది మా మర్యాద.

"కాలువ అవతలి గుంట అన్నకు ఒక మాట చెప్పద్దా?" అన్నాను మా ఆయనతో.

"చెప్తే మన గుంట చెడిందని కోట ఊరి దాకా తెలిసిపోద్ది. కొనేవాడు ఒక్కడూ రాడు. నువ్వు గమ్మునుండు" అని తూము ఎత్తేశాడు.

నల్లనీళ్లు కాలువలోకి దూకాయి. అవతల అన్న మోటరు ఆడుతూనే ఉంది. ఆయనకూ మాలాగే ఈ పంటే ఆధారం. మా ఆయన మీద ఒళ్లు మండింది, నా మీద అంతకన్నా. చేతిలో ఫోనుంది, వేలు కదలదు. చివరికి చేశాను.

"అన్నా, మోటరు ఆపు. మేం నల్లనీళ్లు వదిలినాం. నీకు చెప్పకుండా వదిలినాం."

మోటరు ఆగింది. అన్న మాత్రం తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"మొన్న నేనూ వదిలినానమ్మా" అన్నాడు. "మీ మోటరు ఆడతానే ఉండింది. చూస్తానే ఉన్నా. చెప్పలేకపోయినా."

మొన్న ఆ మోటరు వేసింది నేనే. కొత్త నీళ్లు వస్తున్నాయని గట్టు మీద నిలబడి సంబరపడ్డాను కూడా.

తూము దించేశాను. రొయ్యలు ఒకటీ అరా నీటి మీదికి తేలుతున్నాయి. కొత్త నీళ్లు కావాలి. మాకూ అన్నకూ ఆ కాలువ తప్ప ఇంకోటి లేదు.